మెడమీద ఉమ్మడి ఆస్తి

జొన్నాదుల పానకాలు ఏ పని మొదలుపెట్టినా ముందు మార్కండేయ మహర్షికి ఒక దణ్ణం, ఆయనను కాపాడిన శివుడికి ఇంకో దణ్ణం పెట్టుకునేవాడు. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మగ్గం గుంటలోకి కాళ్ళు దించేముందు పెట్టే ఆ రెండు దణ్ణాలకూ నలభై ఏళ్ళలో ఒక్కనాడు కూడా లోపం రాలేదు. అందుకే ఆ మహర్షి చేత సంతకం పెట్టించుకు రమ్మని ఒక ఆఫీసులో అడిగినప్పుడు కూడా ఆయన నవ్వలేదు. మహానుభావుడు ఇప్పుడు ఎక్కడున్నాడో అని నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

సంగతి అంతదాకా ఎలా వెళ్ళిందో చెప్పాలంటే భద్రమ్మ మెడ దగ్గర మొదలుపెట్టాలి.

భద్రమ్మ పానకాలు భార్య. మాఘమాసంలో ఆమె మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ కనిపించింది. నొప్పి లేదు, సలుపు లేదు. పసుపు రాసింది, సున్నం రాసింది, ఆంజనేయస్వామి సిందూరం రాసింది. చైత్రానికి అది నిమ్మకాయంత అయింది. పట్నంలో పెద్దాసుపత్రికి వెళితే చిన్న ముక్క తీసి పరీక్షచేసి లింఫోమా అనే కాన్సరన్నారు. ఒంటికి కాపలా కాసే కణాల్లోనే ఒకటి దారితప్పి, తనలాంటి వాటిని పుట్టించుకుంటూ పోతోందని డాక్టరు విడమరిచి చెప్పాడు.

"మందులు రెండున్నాయి. ఏది పనిచేస్తుందో ఆ గడ్డలో ఏ జన్యువు మారిందో తెలిస్తేగానీ చెప్పలేం. ఎదురుగా పరిశోధనా సంస్థ ఉంది, అక్కడ పరీక్ష చేస్తారు. వచ్చేనెల మూడో తేదీలోపు ఆ రిపోర్టు తెచ్చేయండి. అంతకుమించి ఆగితే మంచిది కాదు" అన్నాడు.

పరిశోధనా సంస్థలో గడ్డముక్క తీసుకున్నారు. బుగ్గ లోపల దూదిపుల్లతో గీకి అదీ తీసుకున్నారు. ఆరంటే ఆరు రోజుల్లో రిపోర్టు తయారైపోయింది. తయారై అల్మారాలో కూర్చుంది. అల్మారాలోంచి బయటికి రావాలంటే మాత్రం జన్యు హక్కుల విభాగం అనుమతి కావాలి.

ఆ విభాగానికి అధికారి పరిమి కోదండపాణి గారు. ఆయన ముప్పై ఏళ్ళు భూముల రికార్డుల ఆఫీసులో పనిచేసి, అక్కడ ఆయన నిజాయితీకి తట్టుకోలేక అందరూ కలిసి సాగనంపితే, ఖాళీగా ఉన్న ఈ కుర్చీలోకి వచ్చాడు. వచ్చిన మొదటిరోజే శాస్త్రజ్ఞులను పిలిచి, జన్యువంటే ఏమిటని అడిగాడు. "తాతముత్తాతల దగ్గర్నుంచి తరతరాలుగా వచ్చేది సార్. అయితే కాన్సర్లో..." అంటూ వాళ్ళు మొదలుపెట్టారు. తాతముత్తాతలు అన్న మాట చెవినపడగానే ఆయనకు సర్వం బోధపడిపోయింది. మిగతాది వినలేదు. వారం తిరక్కుండా గోడమీద ఉత్తర్వు వెలిసింది.

'జన్యువులు పిత్రార్జితములు గనుకను, పిత్రార్జితమునందు దాయాదులందరికిని హక్కు కలదు గనుకను, ఏ ఒక్క హిస్సాదారుడును తక్కిన హిస్సాదారుల లిఖితపూర్వక సమ్మతి లేనిదే సదరు జన్యువుల వివరములు పొందజాలడు.'

పానకాలు దాన్ని రెండుసార్లు చదివాడు. చదువు ఐదో తరగతే అయినా ప్రతిరోజూ స్తోత్రాలు చదివేవాడు కాబట్టి భాషకు భయపడలేదు. అర్థానికే భయపడ్డాడు.

కోదండపాణి గారు కళ్ళజోడు నుదుటిమీదికి తోసి దంపతులను ఎగాదిగా చూశాడు.

"సర్వే నంబరు?"

"గడ్డకి సర్వే నంబరెట్టా ఉంటదండీ?" అన్నాడు పానకాలు.

"నమూనా నంబరయ్యా. నోటికి పాత అలవాటు. సరే, హద్దులు చెప్పు."

పానకాలు భార్య మెడవైపు ఒకసారి చూసుకున్నాడు. "పైన చెవండీ. కింద భుజం. ముందు గొంతు. ఎనక జడ."

నాలుగు హద్దులూ దస్త్రంలోకి ఎక్కాయి. 

"ఇప్పుడు హిస్సాదారులు. దీనికి నేనొక సులువైన పద్ధతి కనిపెట్టాను. ఈమె విషయంలో ఎవరెవరికి మైల వర్తిస్తుందో వారందరూ హిస్సాదారులే. పుట్టింటివారికి మూడు రోజుల మైల. అత్తింటివారికి పది రోజుల మైల. కనుక ఇరువర్గాల వారూ సంతకాలు చేయవలెను."

"నేనింకా బతికే ఉన్నాగదండీ!" అంది భద్రమ్మ.

"సంతోషం. ఆ ధ్రువపత్రం కూడా జతపరచండి."

పానకాలు చేతులు కట్టుకుని, నెమ్మదిగా తన సందేహం చెప్పుకున్నాడు. "అయ్యా, పుట్టింటివాళ్ళంటే అర్థముంది. మావాళ్ళ జన్యువులు ఈమె ఒంట్లోకి ఎట్టా వస్తయ్యండీ?"

కోదండపాణి గారు జాలిగా చూశాడు. "కన్యాదానం జరిగిందా, లేదా?"

"జరిగిందండీ. మా మామగారు నీళ్ళు కూడా ఒదిలాడు."

"జన్యువులు మినహాయించి తక్కినది దానం చేస్తున్నానని ఆయన ఎక్కడైనా అన్నాడా?"

"లేదండీ."

"మరింకేం?"

భార్యాభర్తలిద్దరూ బస్సెక్కారు.

మొదటి సంతకం భద్రమ్మ పెద్దన్న చెన్నయ్యది కావాలి. చెన్నయ్య పానకాలు ఇంటి గడప తొక్కి పదకొండేళ్ళయింది. పానకాలు చెల్లెలి పెళ్ళిలో ఆయన విస్తట్లో బూరె వెయ్యకుండా వడ్డనవాడు ముందుకు వెళ్ళిపోయాడు. అదీ కారణం. పానకాలు బూరెల గిన్నె పట్టుకుని వెళ్ళి విషయం చెప్పాడు.

"అంటే, నా చెల్లెలి జబ్బు నేను ఒప్పుకుంటేగానీ తెలవదా?" అన్నాడు చెన్నయ్య.

"అంతే బావా."

"మరి ఆ గడ్డ నన్నడిగే వచ్చిందా?"

"అది చెప్పి రాలేదు బావా. చెప్పొచ్చుంటే నీ దగ్గరికే ముందు పంపేవాణ్ణి."

చెన్నయ్య నవ్వు ఆపుకోలేక ఒక బూరె తిన్నాడు. సంతకం పెట్టి ఇంకోటి తిన్నాడు. తర్వాత చెల్లెల్ని తలుచుకుని కాసేపు కళ్ళు తుడుచుకుని, మూడోది తిన్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ కాగితంమీద 'ఉమ్మడి ఆస్తి' అన్న మాట ఉండడంతో ఆ వార్త చీరాల దాకా పాకింది. ఎన్నడూ ముఖం చూడని దాయాదులు ఆటోలు కట్టించుకుని దిగారు. ఎంత మేర ఉంది, ఏ వీధి వైపు ఉంది, వాస్తు ఎట్టా ఉంది అని ఆరా తీశారు. వీరాంజనేయులు అనే భద్రమ్మ పినతండ్రి కొడుకైతే గుమ్మంలో చాప వేసుకుని కూర్చున్నాడు.

"మా వాటా మాకు రాసిస్తేనే సంతకం. లేకపోతే కదిలేది లేదక్కా."

భద్రమ్మ పైట కొంచెం పక్కకు జరిపి మెడ చూపించింది. "ఇదేరా తమ్ముడూ ఆస్తి. నీకెంత కావాలో కోసుకుపో. పెరుగుతానే ఉంది, అందరికీ సరిపోద్ది."

వీరాంజనేయులు సంతకం ఎంత వేగంగా పెట్టాడంటే అందులో సగం అక్షరాలు చాపమీద పడ్డాయి.

పదిహేను రోజుల్లో నూటపద్నాలుగు సంతకాలయ్యాయి. గడువు ఇక తొమ్మిది రోజులుంది. గడ్డ నిమ్మకాయ దాటి దబ్బకాయ వైపు నడుస్తోంది. రాత్రిళ్ళు భద్రమ్మకు చెమటలు పోస్తున్నాయి. ఆమె ఆ మాట పైకి అనదు. తెల్లారి తడిసిన దిండు గలీబు తీగమీద ఆరేస్తుంది. పానకాలు చూసి, చూడనట్టు తలతిప్పుకుంటాడు.

కోదండపాణి గారు సంతకాలు లెక్కపెట్టి మెచ్చుకున్నాడు. "శభాష్. చక్కటి దస్త్రం. అయితే ఈ వంశవృక్షానికి వేరు కనిపించడం లేదే. మీ మూలపురుషుడెవరు?"

ఆ ప్రశ్నకు పానకాలు ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు తెలిసిన ప్రశ్న ఒకటి వచ్చింది. "మార్కండేయ మహర్షి అండీ. ఇటు మావాళ్ళకీ, అటు వాళ్ళవాళ్ళకీ ఆయనే మూలం."

"ఆయన మరణ ధ్రువపత్రం ఏది?"

"రామ రామ! ఆయన చిరంజీవి అండీ. శివుడు యముణ్ణి తన్ని మరీ బతికించాడు."

కోదండపాణి గారి కలం ఆగింది. ఆయనా దైవభక్తి ఉన్నవాడే. కలం కళ్ళకద్దుకుని, "ఆ సంగతే మరిచాను" అన్నాడు. "అయితే జీవించి ఉన్న హిస్సాదారుడు. సంతకం తప్పదు. వయసెంత?"

"ఎప్పుడూ పదహారేళ్ళే అండీ."

పక్క బల్లల గుమస్తాలు కూడా తలలెత్తారు.

"మైనరు!" అన్నాడు కోదండపాణి గారు, నిధి దొరికినవాడిలా. "మైనరు సంతకం చెల్లదు. సంరక్షకుడు పెట్టవలెను. ఆ పిల్లవాడి సంరక్షకుడు ఎవరు?"

"పిల్లవాడు అనకండయ్యా, మహర్షి. ఆయన్ని కాపాడింది శివుడేగదండీ."

"బాగు. కానీ చట్టరీత్యా దేవుడు కూడా శాశ్వత మైనరే. ఆయన తరఫున దేవస్థానం కార్యనిర్వహణాధికారి సంతకం చేస్తాడు. అనగా మహర్షికి సంరక్షకుడు శివుడు, శివుడికి సంరక్షకుడు ఈవో. పోయి ఈవో గారి సంతకం తీసుకురా."

భద్రమ్మ బయటికొచ్చాక అడిగింది. "ఏమయ్యా, శివుడికి దిక్కు ఈవో గారైతే, ఈవో గారికి దిక్కెవరు?"

"శివుడే" అన్నాడు పానకాలు. తర్వాత ఆ మాటను బస్సు దిగేదాకా ఆలోచిస్తూ కూర్చున్నాడు.

ఈవో గారు మంచివాడు. ఇలాంటి దరఖాస్తు తన సర్వీసులో రాలేదని సంబరపడ్డాడు. "అయితే స్వామివారికి తెలియకుండా స్వామివారి తరఫున సంతకం చెయ్యడం నాకు తగదు. నోటీసు సన్నిధిలో మూడుసార్లు చదివించాలి. అభ్యంతరం ఏదీ రాకపోతే అప్పుడు చేస్తాను" అన్నాడు.

అర్చకుడు హారతి పళ్ళెం పక్కన పెట్టి నోటీసు అందుకున్నాడు. "కైలాసవాసి, త్రినేత్రుడు, వృత్తి లయకారకత్వం, వారికి తెలియజేయడమేమనగా..." అని మూడుసార్లు గట్టిగా చదివాడు. గంట కొట్టాడు. అందరూ చెవులు రిక్కించి విన్నారు. ధారాపాత్రలోంచి నీటిచుక్కలు లింగంమీద పడుతున్నాయి, అంతే.

పానకాలు కళ్ళు మూసుకున్నాడు. 'స్వామీ, నీకు అభ్యంతరం లేదని నాకు తెలుసు. ఆఫీసుకి తెలవదు. కాస్త ఓర్చుకో' అనుకున్నాడు. అనుకుని, దేవుణ్ణి ఓర్చుకోమన్నందుకు చెంపలేసుకున్నాడు.

'స్వామివారికి అభ్యంతరము లేదు' అని ఈవో గారు రాసి, దేవస్థానం ముద్ర వేసిచ్చాడు. గడువు ఇక నాలుగు రోజులు.

ఆ కాగితం చూసి కోదండపాణి గారు లేచి నిలబడి అందుకున్నాడు. దస్త్రంలో పెట్టి, దారం కట్టి, ముడి వేసి, రబ్బరు ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. ముద్ర సిరాలో అద్దుకుంది. గాలిలోకి లేచింది. అక్కడే ఆగిపోయింది.

"ఒక్క చిన్న విషయం. మనిషికీ అరటిచెట్టుకూ చాలా జన్యువుల్లో పోలిక ఉన్నదని నిన్ననే ఒక పత్రికలో చదివాను. కోతి సంగతి సరేసరి."

"అయితే అండీ?"

"వారు కూడా హిస్సాదారులే గదా. కోతుల తరఫున జంతుప్రదర్శనశాల వారు, అరటి తరఫున ఉద్యానవన శాఖ వారు సమ్మతి తెలుపవలెను. అరటికి గెల వేసిన పిమ్మట చెట్టు నరికివేస్తారు గనుక, పిలకలను వారసులుగా చూపించండి."

పానకాలుకు కోపం రాదు. వచ్చిన కోపమంతా మగ్గం తొక్కుడుకర్రలకు పోతుంది. ఆరోజు కాళ్ళకింద తొక్కుడుకర్రలు లేవు. ఆయన బయటికొచ్చి వరండాలో బల్లమీద కూలబడ్డాడు. భద్రమ్మ పక్కన కూర్చుని సీసాలో నీళ్ళు ఇచ్చింది.

"పోనీలేవయ్యా. ఏదో ఒక మందు ఇమ్మందాం. పడితే పడుద్ది."

"పడకపోతే?"

ఆమె సీసా మూత బిగించింది.

అప్పుడే మంచుపెట్టె మోసుకుంటూ ఒక తెల్లకోటు ఆమె అటుగా వచ్చి ఆగింది. డాక్టర్ మేరీ సునంద. పరీక్ష చేసింది ఆమే. "అమ్మా, మీ రిపోర్టు రాసి మూడు వారాలవుతోంది. మీరింకా తీసుకెళ్ళలేదా?"

పానకాలు కథంతా చెప్పాడు. మహర్షి దగ్గరికి వచ్చేసరికి ఆమె మంచుపెట్టె కింద పెట్టింది. అరటిపిలకల దగ్గర తనే బల్లమీద కూర్చుంది.

"తల్లీ, నాకొక్కటి తెలవక అడుగుతా" అంది భద్రమ్మ. "ఈ జబ్బు మా వంశంలోంచి వచ్చిందా? నా పిల్లలకి కూడా ఇస్తున్నానా?"

"లేదమ్మా. అందుకేగా మీ బుగ్గలోంచి కూడా కణాలు తీసుకున్నాం. వాటిలో ఈ మార్పు లేదు. గడ్డలోనే ఉంది. మీ అమ్మానాన్నలు ఇచ్చింది శుభ్రంగానే ఇచ్చారు. మీరు పుట్టి పెరిగాక ఎప్పుడో, ఒక్క కణంలో, ఒక్కచోట తప్పు పడింది. అది పెరిగి ఇంతయింది."

పానకాలు నిటారుగా కూర్చున్నాడు. ఆయనకు ఆ మాట చెవులకన్నా ముందు చేతులకు అర్థమైంది. "అంటే ముందే ఎక్కించిన నిలువు పడుగులో తప్పు కాదు. పడుగులో పోగు తప్పితే చీర ఈ కొస నుంచి ఆ కొసదాకా గీత పడతది. ఒక్కచోటే ఉందంటే అది నేసేటప్పుడు పడ్డ తప్పు."

"సరిగ్గా అంతేనండి. నేనింత బాగా ఎప్పుడూ చెప్పలేదు."

"మరి ఈ మాట ఆఫీసులో ఎందుకు చెప్పలేదమ్మా?"

"రిపోర్టు రెండో పేజీలో రాశాను. వాళ్ళు చదవలేదు. చదవాలంటే వాళ్ళకూ హిస్సాదారులందరి సమ్మతి కావాలట. వాళ్ళ ఉత్తర్వే."

భద్రమ్మ నెమ్మదిగా అడిగింది. "ఏమయ్యా. మీ నాయన నీకిచ్చిన మగ్గం ఏ ఆస్తి?"

"పిత్రార్జితం."

"దానిమీద నువ్వు నేసిన చీర?"

పానకాలు నోరు తెరిచాడు. మూయడం మరిచాడు. భద్రమ్మ అప్పటికే లేచి, పైట బిగించుకుని, ఆఫీసు గదివైపు నడుస్తోంది.

"అయ్యా, మీరు ఇన్నాళ్ళూ తప్పు దస్త్రం నడుపుతున్నారు" అంది కోదండపాణి గారి బల్లముందు నిలబడి.

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన్ను అంత మాట అన్నవారు లేరు. "ఏమిటమ్మా అది?"

"ఈ గడ్డ నా స్వార్జితం."

కోదండపాణి గారు కుర్చీలోంచి సగం లేచాడు. "స్వార్జితమా!"

"మా నాయన ఇవ్వలేదు. మా తాత ఇవ్వలేదు. మహర్షికసలే తెలవదు. నేనే, నా ఒంట్లో, నా కాలంలో సంపాదించుకున్నా. ఈ తల్లి సాక్షి."

వెనకే వచ్చిన సునంద, సొంతదారు సమ్మతితో, రెండో పేజీలోని వాక్యాన్ని గట్టిగా చదివి వినిపించింది. కోదండపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. సరైన శీర్షిక దొరికిన దస్త్రాన్ని చూసినప్పుడు కలిగే ఆనందమే ఉంది.

"స్వయంకృషితో సంపాదించినదేనా?"

"ఇన్నాళ్ళూ మీ మెట్లెక్కి దిగానే, దాన్ని కృషి గాక ఏమంటారండీ?"

"ఇతరుల సాయం ఏదీ లేదా? దైవసాయం?"

"ఆయనకి అభ్యంతరం లేదని కాగితం ఉంది. సాయం చేశాడని లేదు."

"నిజమే" అన్నాడు ఆయన, దస్త్రం తిరగేసి చూసి. "స్వార్జితమునందు దాయాదులకు హక్కు లేదు. మహర్షికీ లేదు. అరటికీ లేదు. ఈ ముక్క మొదటిరోజే చెబితే ఇంత శ్రమ తప్పేది గదమ్మా!"

ముద్ర ఈసారి గాలిలో ఆగలేదు. రెండో తేదీ మధ్యాహ్నం రిపోర్టు డాక్టరు బల్లమీద ఉంది. మూడో తేదీ పొద్దున ఆయన రెండు మందుల్లో రెండోది మొదలుపెట్టాడు. "మొదటిది ఇచ్చి ఉంటే లాభం ఉండేది కాదు" అని ఆ తర్వాత ఎప్పుడో మామూలుగా అన్నాడు. పానకాలు ఆ మాట విని గోడ పట్టుకున్నాడు.

దబ్బకాయ నిమ్మకాయ అయింది. నిమ్మకాయ ఉసిరికాయ అయింది. జుట్టు రాలింది, అన్నం సయించలేదు, చెన్నయ్య వారానికోసారి బూరెలు తెచ్చి తనే తిన్నాడు. కార్తీకం వచ్చేసరికి వేలితో తడిమినా ఏమీ తగల్లేదు. దిండు గలీబు తడవడం మానేసింది. డాక్టరు స్కానింగు ఫొటోలన్నీ చూసి, ఇక గడ్డ లేదు, మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకుంటే చాలన్నాడు.

ఆ వారమే పరిశోధనా సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. 

'తమ స్వార్జితమగు గడ్డ ప్రస్తుతము ఉనికిలో లేనట్లు మా దృష్టికి వచ్చినది. దస్త్రము మూసివేయు నిమిత్తము సదరు గడ్డ యొక్క మరణ ధ్రువపత్రమును సొంతదారు స్వయముగా వచ్చి సమర్పించవలెను.'

పానకాలు తెల్లవారుతూనే తలస్నానం చేశాడు. విభూతి పెట్టుకుని, మహర్షికొక దణ్ణం, శివుడికొక దణ్ణం పెట్టుకున్నాడు. భద్రమ్మ కొత్త చీర కట్టుకుంది. అది ఆయన ఆ వానాకాలమంతా నేసింది. ఆఫీసు ముందు వరస మెట్ల కిందిదాకా ఉంది. ముందున్నవాడు ముందుకు రమ్మన్నా పానకాలు వెళ్ళలేదు. ఈ ఒక్క కాగితం కోసం ఎంతసేపు నిలబడినా పర్వాలేదనిపించింది.

కోదండపాణి గారు డాక్టరిచ్చిన కాగితం తీసుకుని, మరణించిన వారి పేరు అన్నచోట 'గడ్డ' అనీ, హద్దులు అన్నచోట చెవి, భుజం, గొంతు, ఆ తర్వాత భద్రమ్మ తలవైపు ఒకసారి చూసి, 'జడ (మొలకెత్తుచున్నది)' అనీ రాసుకున్నాడు. ముద్ర వేశాడు.

"ఇక మీరు వెళ్ళవచ్చును."

భద్రమ్మ కదల్లేదు. "ఒక్క సందేహమండీ. పోయింది నా సొంతం గదా. దీనికి నేను మైల పట్టాల్నా? పడితే మూడు రోజులా, పది రోజులా?"

కోదండపాణి గారు కలం పక్కన పెట్టాడు. నుదురు ముడిచాడు. తర్వాత ఎంతో గంభీరంగా బీరువా తెరిచి, నిబంధనల పుస్తకం కిందికి దించి, దుమ్ము దులిపి, మొదటి పేజీ నుంచి వెతకడం మొదలుపెట్టాడు.

ఆ ఆఫీసులో పానకాలు నవ్వడం అదే మొదటిసారి.